లచ్చిరాం సార్ గాజు బావి

ఈ లోకంలో ఏ పనీ సక్రమంగా జరగదని లచ్చిరాం సార్‌కు గట్టి నమ్మకం. రేపు పొద్దు పొడుస్తుందా అని అడిగితే, "పొడుస్తది కావొచ్చు, మబ్బు పడుతది" అనేవారు. ఏ పని గురించి ఎవరు అడిగినా ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట "అయ్యేది గాదు". రెండో మాట ఉండేది కాదు. మొదటి దాన్నే ఇంకోసారి అనేవారు.

నేను 2003లో బూర్గంపాడు దగ్గర గోదావరి ఒడ్డునున్న పాలిటెక్నిక్‌లో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. లచ్చిరాం సార్ అక్కడ మెకానికల్ లెక్చరర్. పెనుబల్లి దగ్గర తండాలో పుట్టి, పడుతూ లేస్తూ ఇంజనీరింగ్ చదివిన మనిషి. మొదటిరోజు నన్ను ఎగాదిగా చూశారు.

"కొత్తగ వచ్చినవా?"

"అవ్ సార్. వనజ నా పేరు."

"పర్మనెంట్ చేస్తమన్నరా?"

"రెండేండ్లల్ల చేస్తమన్నరు సార్."

"చెయ్యరు," అని ఎంతో ఆప్యాయంగా చెప్పి కుర్చీ చూపించారు. "కూసో. విరిగేటట్టున్నది, చూసి కూసో."

కుర్చీ విరగలేదు. ఉద్యోగం మాత్రం ఇప్పటికీ పర్మనెంట్ కాలేదు.

భద్రాచలం బస్సు ఎక్కితే ఆయన కండక్టర్ని టికెట్ అడగడానికి ముందు ఇంకో ప్రశ్న అడిగేవారు.

"ఈ బస్సు పోతదా?"

"పోతది సార్."

"ఏడిదాంక పోతదంటవ్, నీ అంచనా?"

గోదావరి వంతెన మధ్యలోకి రాగానే కిటికీలోంచి తల బయటపెట్టి చక్రాల వంక చూసేవారు. పక్కనున్నవాళ్ళు కూడా చూసేవారు. బస్సు అవతలి ఒడ్డు చేరేసరికి సగం మంది ప్రయాణికులు దేవుడికి దండం పెట్టుకుంటూ ఉండేవాళ్ళు. కండక్టర్లు ఆయన్ను దూరం నుంచి గుర్తుపట్టి ముందు సీటు ఖాళీగా ఉన్నా వెనక్కి పంపేవారు.

స్టాఫ్‌లో ఒకాయన పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వేస్తూ, "ఇద్దరు కలిసి ఉండుండ్రి," అన్నారట. కాస్త ఆలోచించి, "ఎంత కాలమైతే అంత కాలం," అని కలిపారట. ఆ పెళ్ళికూతురు రెండేళ్ళపాటు ఆయనతో మాట్లాడలేదు.

ఆయన భార్య మోతీ అక్కను ఒకసారి అడిగాను, ఈయనతో ఎట్లా వేగుతున్నావని. ఆమె పడీ పడీ నవ్వింది.

"నన్ను చూసేతందుకు వచ్చిననాడే మా నాయనతోటి ఏమన్నడో ఎరికేనా చెల్లె? 'ఇంకొన్నాళ్ళు ఆగుండ్రి, మీ బిడ్డకు నాకంటె మంచోడు దొరుకుతడు' అన్నడు. గింత నిజం చెప్పేటోడు మల్ల దొరుకుతడా అని మా నాయన ఆ మాట మీదనే ఖాయం చేసిండు."

ఇంత నమ్మకం లేని మనిషి ఎంచుకున్న పని ఏమిటో వింటే మీరు నమ్మరు. నూనె బావుల మీద పరిశోధన. హైదరాబాద్‌లో ఒక ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీకి పేరు రాయించుకున్నారు. మన జిల్లాలో బొగ్గుంది, అడవుంది, గోదావరుంది. నూనె బావి మాత్రం చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఆయన కూడా పుట్టి బుద్ధెరిగాక నూనె బావిని కళ్ళతో చూడలేదు.

"మరి ఎందుకు సార్ ఇది పట్టుకున్నరు?"

"వేరేవి నాకంటె ముందొచ్చినోళ్ళు తీస్కపోయిండ్రు. ఇది మిగిలింది," అన్నారు. నిరాశ ఎంత ఉన్నా, విషయం చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు మారేది. "బావి అడుగుల పంపు ఉంటది వనజా. నూనెతోటి గ్యాస్ గూడ వస్తది, బుడగలు బుడగలుగ. గ్యాస్ లోపలికి పోతే పంపు ఉక్కిరిబిక్కిరైతది, నూనె ఎత్తలేదు. కాని ఉన్న గ్యాస్ అంత లోపలికి పోదు. పంపుకు, బావి గోడకు నడుమ సందు ఉంటది గదా, కొన్ని బుడగలు మనం ఏం చెయ్యకుండనే ఆ సందుల నుంచి పైకి తప్పిచ్చుకుంటయ్. నూటికి ఎన్ని తప్పిచ్చుకుంటయ్? గది ముందే లెక్క కట్టి చెప్పాలె."

"చెప్పొచ్చా సార్?"

"అయ్యేది గాదు."

ఆ లెక్క సరైనదో కాదో చూడటానికి ల్యాబ్‌లో ఒక బావి కట్టారు. నిలువెత్తు కన్నా రెట్టింపు పొడవున్న గాజులాంటి ప్లాస్టిక్ పైపు, దాని మధ్యలో పంపులాంటి చిన్న పైపు. కింది నుంచి నీళ్ళు, కంప్రెసర్ గాలి కలిపి వదిలితే బుడగలు పైకి లేచి, కొన్ని లోపలి పైపులోకి, కొన్ని పక్క సందులోకి పోయేవి. పిల్లలు దానికి గాజు బావి అని పేరు పెట్టారు. సార్ కంప్యూటర్‌లో లెక్క వేసేవారు, నేను బావి దగ్గర మీటర్లు చూసి నోటుబుక్కులో రాసేదాన్ని. కంప్యూటర్ నూటికి డెబ్బై అంటే బావి ముప్పై అనేది. కంప్యూటర్ నలభై అంటే బావి ఎనభై అనేది. ఇద్దరూ అలిగిన మొగుడూ పెళ్ళాల్లా ఒకరి మాట ఒకరు వినేవారు కాదు. నాలుగు రాత్రులు కూర్చుని లెక్క సరిచేస్తే అయిదోనాడు సరిగ్గా 'సేవ్' కొట్టబోయే ముందు కరెంటు పోయేది. సార్ చీకట్లో కదలకుండా కూర్చుని, "అనుకున్న," అనేవారు.

ప్రాక్టికల్స్‌కు వచ్చే పిల్లలకు కూడా ఇదే ధోరణి. "భయమైతుంది సార్, ఫెయిలైతనేమో" అని ఎవరైనా వస్తే, "అయితవ్," అనేవారు. "నేను మ్యాథ్స్‌ల నాలుగుసార్లు అయిన. మూడోసారి అయితె మా నాయన ఎద్దులకు పెట్టే జొన్నసొప్ప నా ముందల పెట్టిండు." ఏడుస్తూ వచ్చినవాళ్ళు నవ్వుతూ పోయేవాళ్ళు. సార్ మాత్రం, "నవ్వుతరేంది వీళ్ళు, నేను చెప్పేది నిజం," అని నొచ్చుకునేవారు.

2006 ఆగస్టులో గోదావరి పొంగింది. నీళ్ళు ల్యాబ్‌లోకి వచ్చి కిటికీల దాకా నిలిచాయి. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే కంప్రెసర్ బురదలో కూరుకుపోయి ఉంది, గాజు బావి మూడు ముక్కలై గోడ పక్కన పడి ఉంది. మూడేళ్ళ పని. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడుస్తవెందుకు?" అన్నారు సార్, ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని బురదలో నిలబడి. "నాకు మూడేండ్ల కిందనే ఎరికె."

"ఎరికైతే మరి పైకన్న జరుపకపోయిన్రా సార్?"

ఆయన మడిచిన ప్యాంటును ఇంకో మడత పైకి మడిచారు. "అది తట్టలే," అన్నారు.

రెండో పైపును హైదరాబాద్ నుంచి బస్సు టాపు మీద కట్టించి తెచ్చారు. సూర్యాపేటలో దిగి చూసి, "ఈడ పగలలే," అన్నారట. ఖమ్మంలో దిగి, "ఈడ గూడ పగలలే." కొత్తగూడెంలో డ్రైవర్ చేతులు జోడించి, "సారూ, పగిలిందాంక మీరు ఊకోరా?" అన్నాడట. పైపు పగలకుండానే వచ్చింది. దాని మీద బిగించే మూతకు, చిన్న పైపును మధ్యలో నిలబెట్టే రింగులకు లేత్ పనివాడు నాలుగు నెలలు తిప్పాడు. అంతా అమరేసరికి 2008 వచ్చింది. మార్చి నెలాఖరుకు పీహెచ్‌డీ గడువు తీరిపోతుంది. అప్పటికే రెండుసార్లు పొడిగించారు, ఇక మూడోసారి లేదు. నలభై రీడింగులు కావాలని ప్రొఫెసర్ ఫోన్ చేసి చెప్పారు. మా దగ్గర పన్నెండున్నాయి, పన్నెండూ తప్పులే.

ఫిబ్రవరి చివర్లో ఒక గురువారం, మధ్యాహ్నం పూట, కంప్యూటర్ అరవై రెండు అంది. నేను బావి మీటర్లు చూసి లెక్కేశాను. అరవై ఒకటి.

"సార్!"

"తప్పు చూసినవ్."

మళ్ళీ చూశాను. అరవై ఒకటి. గాలి తగ్గించి చూశాం, నీళ్ళు పెంచి చూశాం. కంప్యూటర్ యాభై నాలుగంటే బావి యాభై అయిదు. కంప్యూటర్ డెబ్బై అంటే బావి డెబ్బై. నేను ఎగిరి గంతేశాను. సార్ మీటరును వేలితో తట్టారు. తర్వాత స్టూలు మీద కూర్చుని బుడగల వంక అట్లాగే చూస్తూ ఉండిపోయారు.

"వనజా, తలుపు దగ్గరికెయ్యి."

"ఎందుకు సార్?"

"గాలికి మారుతదేమో."

ఇట్లా రోజుకు రెండు తీసినా నెలలోపు నలభై అయిపోతాయి. ఆ సాయంత్రం సార్ నాకు మిరపకాయ బజ్జీలు తెప్పించారు. "పాత నూనెతోటి చేసిండు, కడుపు నొస్తది," అని చెప్పి మరీ తినిపించారు.

మర్నాడు పొద్దున్నే ఉషారాణి మేడం వచ్చింది. దగ్గర్లోని గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ ఆమె. వాళ్ళ బోరు నెల రోజులుగా నీళ్ళకు బదులు గాలి కక్కుతోందట. మోటారు రెండుసార్లు కాలిపోయిందట. బోరు మెకానిక్ బొజ్జయ్య చేతులెత్తేసి, పాలిటెక్నిక్‌లో పొద్దస్తమానం పంపుతో ఆడుకునే సారొకాయన ఉన్నాడని చెప్పాడట.

"నూట నలభై మంది ఆడపిల్లలు సార్. ట్యాంకరొస్తే బకెట్ల కోసం కొట్లాట. సోమవారం అందర్ని ఇండ్లకు పంపియ్యమని ఆర్డరొచ్చింది," అంది మేడం. "ముప్పై ఎనిమిది మంది టెన్త్ పిల్లలున్నరు. నెల దినాలల్ల పరీక్షలు. ఇంటికి పోతే మిరపకాయ ఏరవోతరు. పోయినోళ్ళు మళ్ళ వస్తరా?"

"రారు," అన్నారు సార్. ఆ మాటతో మేడం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సార్ అప్పటికే చెప్పులేసుకుని గేటు దాటుతున్నారు.

హాస్టల్లో బోరు పక్కన నేల మీద పడుకుని కేసింగ్ పైపుకు చెవి ఆనించారు. పిల్లలు చుట్టూ మూగారు. పావుగంట తర్వాత లేచారు, చెంపకంతా మట్టి.

"నీళ్ళున్నయ్ మేడం. పైన బండ పగులుల నుంచి ధారగ పంపు మీద పడుతున్నయ్. పడేటప్పుడు గాలిని ఎంట తెస్తున్నయ్. పంపు గది మింగుతున్నది."

"మరి ఎట్ల సార్?"

"పంపుకు చొక్కా తొడగాలె. పెద్ద పైపు, పైన మూసి కింద తెరిచి. గప్పుడు నీళ్ళు చొక్కా పక్క నుంచి కిందికి దిగి, అడుగు నుంచి లోపలికి రావాలె. గాలి నీళ్ళతోటి అంత కిందికి దిగదు, సందుల నుంచి పైకి పోతది."

బొజ్జయ్య తల గోక్కున్నాడు. "గా చొక్కా ఏడ దొరుకుతది సారూ?"

"దొరకదు. అయ్యేది గాదు."

నిజంగానే దొరకలేదు. శుక్రవారమంతా బొజ్జయ్య భద్రాచలం షాపులన్నీ తిరిగాడు. నాలుగంగుళాల పైపు పంపు మీద పట్టదు, ఆరంగుళాలది బోరులో దిగదు. అయిదంగుళాలది కావాలి, దానికి తగిన మూత, రింగులు కావాలి. హైదరాబాద్ నుంచి తెప్పించి తయారు చేయించేసరికి పదిహేను రోజులన్నా పడుతుంది.

శనివారం పొద్దున నేను ల్యాబ్‌కు వెళ్ళేసరికి సార్ గాజు బావి మూత విప్పుతున్నారు. దాని పైపు సరిగ్గా అయిదంగుళాలది. పక్కన ప్రిన్సిపాల్, మేడం, బొజ్జయ్య నిలబడి ఉన్నారు.

"లచ్చిరాం, మరి నీ పీహెచ్‌డీ?" అన్నారు ప్రిన్సిపాల్.

"అది పోయింది సార్," అన్నారు సార్, స్పానర్ తిప్పుతూనే. "లెక్కలు కలుస్తలెవ్వు. ఐదేండ్ల సంది కలవలే, ఇగ కలవయ్. ఈ పైపు దేనికీ అక్కెరకు రాదు. పాత సామాన్లోనికి ఏసుడు కంటె బోర్ల ఏసుకుంటే నయం. తీస్కపోండ్రి మేడం."

నేను నోటుబుక్కు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అరవై రెండుకు అరవై ఒకటి అని నేను ఎర్ర ఇంకుతో రాసి కింద రెండు గీతలు కొట్టిన పేజీ. నోరు తెరిచాను. సార్ తలెత్తి నా వంక ఒక్కసారి చూశారు. తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆయన మాటను ఎవరూ అనుమానించలేదు. ఎట్లా అనుమానిస్తారు? అయిదేళ్ళుగా రోజూ అనే మాటే కదా. మేడం సంతోషంగా, "పోనీలే సార్, వృథా కాకుండ మా పిల్లలకు పనికొస్తది," అని ఓదార్చింది కూడా. పైపును ఎనిమిదడుగులకు కోస్తుంటే నేను పక్క గదిలోకి వెళ్ళిపోయాను. రంపం చప్పుడు అక్కడికి కూడా వినబడింది.

ఆదివారం పొద్దున బోరులోకి పంపు దింపారు. కప్పీ కట్టి బొజ్జయ్య, ఇంకో నలుగురు పైపు తర్వాత పైపు బిగిస్తూ రెండువందల అడుగులు దించాలి. సార్ పక్కనే నిలబడి వ్యాఖ్యానం మొదలుపెట్టారు.

"తాడు తెగుతది బొజ్జయ్యా."

"తెగది సారూ."

"తెగకుంటె జారుతది."

"సారూ, మీ కాల్మొక్త, గా చెట్టు కిందికి పోయి నిల్చోండ్రి. మీ మాట ఇంటుంటే నా చేతులు ఇప్పుడే జారుతున్నయ్."

తాడు తెగలేదు, జారలేదు. మధ్యాహ్నం స్విచ్చు వేశారు. పైపు దగ్గింది. తుమ్మింది. ఎర్రనీళ్ళు ఉమ్మింది. ఇంకోసారి దగ్గి, ఆగకుండా, తెల్లగా, నిండుగా నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. నూట నలభై మంది పిల్లలు ఒక్కసారిగా వేసిన కేకకు పక్కింటి మేకలు కట్లు తెంపుకున్నాయి.

"ఆగుండ్రి, ఆగుండ్రి, ఇప్పుడే బందైతది," అని సార్ చెయ్యెత్తారు. ఎవరు వింటారు? పిల్లలు డ్రమ్ములు నింపారు, బట్టలు ఉతికారు, నెల రోజులుగా ముడివేసుకున్న జడలు విప్పి తలంట్లు పోసుకున్నారు. సార్ రెండు గంటలు ఎండలో అట్లాగే నిలబడ్డారు, ఎప్పుడు ఆగుతుందా అని. ఆగలేదు. చివరికి ముఖం వేలాడేసుకుని ఇంటికి పోయారు.

పిల్లలు ఇండ్లకు పోలేదు. ముప్పై ఎనిమిది మందీ పరీక్షలు రాయడం మొదలుపెట్టారు. మార్చి ముప్పై ఒకటి వచ్చింది, పోయింది. ప్రొఫెసర్ ఫోన్ చేస్తే, "నాతోటి కాలే సార్," అని చెప్పి పెట్టేశారు. లచ్చిరాం సార్‌కు డాక్టరేట్ రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

ఆ రోజు ఫోన్ పెట్టేశాక నేను ఉండబట్టలేకపోయాను.

"లెక్కలు కలిసినయ్ గద సార్. నేనే రాసిన. ఎందుకు అబద్ధమాడిన్రు?"

సార్ గాజు బావి లేక ఖాళీగా నిలబడ్డ ఇనుప స్టాండు వంక చూశారు. "మంచిగ పనిచేసేది ఇస్తున్న అంటే మేడం తీసుకునేదా? తీసుకున్నా, ఎవరో ఒకరు పిల్లలకు చెప్తరు, గా సారు సదువు పోగొట్టుకొని ఇచ్చిండని. ఇగ నీళ్ళు తాగినప్పుడల్ల గదే యాదికొస్తది. చిన్నపిల్లలు వనజా. పనికిరాని పైపు అనుకుంటే సల్లగ తాగుతరు."

నేను ఊరుకోలేదు. "మరి దినాం అయ్యేది గాదు, అయ్యేది గాదు అంటరు గద. గది గూడ అబద్ధమేనా?"

"ఛ. గది నిజమే," అన్నారు.

ఏప్రిల్‌లో ఒకరోజు మేడం ఏదో పని మీద పిలిస్తే హాస్టల్‌కు వెళ్ళాను. ఆ ముందురోజే టెన్త్ పరీక్షలు అయిపోయాయి. దుర్గ అనే పిల్ల, లోపలి అడవి పల్లె నుంచి వచ్చి చదువుకుంటున్నది, నా పక్కన చేరి గుసగుసగా అడిగింది.

"మేడం, మీ లచ్చిరాం సారుకు పానం మంచిగుండదా?"

"ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"దినాం పొద్దుగాల, పొద్దుమూకంగ సైకిల్ మీద వస్తడు. గేటు కాడ నిలబడి, 'బంద్ అయిందా?' అని అడుగుతడు. 'కాలే సార్, మంచిగ పోస్తున్నది' అంటం. ఇగ మొకం చిన్నగ చేస్కొని పోతడు. నెల దినాల సంది గిదే కత. పాపం, మస్తు బాధపడుతుండు. అందుకే ఇయ్యాల మేమంత ఒకటి అనుకున్నం."

"ఏంది?"

"బంద్ అయిందని కబురు పంపినం. ఒక్కనాడన్న సంతోషపడతడని."

నేను లేచేలోపే సైకిల్ గంట వినబడింది. సార్ క్లాసు మధ్యలోంచి వచ్చినట్టున్నారు, చేతులకు సుద్దముక్క పొడి, భుజాన పనిముట్ల సంచి, ఒక కాలికి చెప్పు లేదు. ముఖం పాలిపోయి ఉంది. ఎవరినీ పలకరించకుండా సరాసరి బోరు దగ్గరికి పరుగెత్తి, పైపు మూతి కింద మోకాళ్ళ మీద కూలబడి, సంచి బోర్లించారు.

"ఎప్పటి సంది? సప్పుడు ఎట్ల వచ్చింది? మోటరు కాలిన వాసనొచ్చిందా? చెప్పుండ్రమ్మా!"

పిల్లలు బిక్కచచ్చిపోయారు. సంతోషిస్తాడనుకున్న మనిషి స్పానర్ తీసి పైపు విప్పబోతున్నాడు. భయపడిపోయి ఎవరో గబుక్కున స్విచ్చు వేశారు.

రెండంగుళాల ధార నేరుగా వచ్చి సార్ నెత్తిన పడింది.

"ఊకెనే అన్నం సార్!" అంది దుర్గ ఏడుపు గొంతుతో. "పంపు మంచిగనే ఉన్నది. మీరు దినాం బాధపడుకుంట పోతున్నరని..."

సార్ ధార కింద అట్లాగే మోకాళ్ళ మీద ఉండిపోయారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకోబోయారు, తుడవడానికి ఆయన ఒంటి మీద పొడిబట్ట అంగుళం లేదు. తిట్టడానికని నోరు తెరిచారు. తెరిచిన నోట్లో నీళ్ళు పడ్డాయి. ఉక్కిరిబిక్కిరై, దగ్గి, పిల్లల వంక చూసి, ఫకాలున నవ్వేశారు.

అయిదేళ్ళు ఆయన పక్కన పనిచేశాను. సార్‌కు రెండు ముందుపళ్ళు కొంచెం ఎత్తని నాకు ఆ రోజే తెలిసింది.